మా ఊరి ఏకగ్రీవం

ఆర్మూర్,
12 మార్చి 1997

నర్సవ్వకు, చిన్ననాటి స్నేహితురాలు భాగ్యవ్వ నమస్కరించి రాసేది. సిద్ధేశ్వరుని దయవల్ల పెర్కిట్‌లో మీ పుట్టింట నువ్వు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

రెండేళ్లుగా రాయనిదాన్ని ఇవాళ కలం పట్టడానికి కారణం మీ ఆయనే. నిన్న ధర్మయ్య అన్న మా ఇంటికి వచ్చాడు. మస్కట్ పోతాడట, పాస్‌పోర్టు కాగితం మీద సర్పంచ్ సంతకం కావాలట. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి, "నీ దోస్తు నాతోని మాట్లాడక రెండేండ్లాయె చెల్లె. నామినేషన్ వాపస్ కాగితం మీద దొంగ సంతకం నేనే పెట్టిన్నంటది. పిల్లల మీద ఒట్టేసినా నమ్మది. ఇంక గిక్కడుండి ఏం జెయ్యాలె?" అన్నాడు.

సంతకం పెట్టాను. ముద్ర మాత్రం గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద నడిపయ్య దగ్గర ఉంటుంది. రెండు రోజులాగి రమ్మన్నాను.

నువ్వు పోటీ నుంచి తప్పుకున్నావన్నారు, నన్ను ఏకగ్రీవం చేశారు. ఆ సంతకం నాది కాదని నువ్వు మండల ఆఫీసుకు పోయినందుకు, మీతో ఎవరూ మాట్లాడవద్దని కమిటీ డప్పు వేయించింది. ఆ ఏడు పసుపు ఉడికించుకోవడానికి మీకు ఎవరూ కడాయి ఇవ్వలేదు. మా కడాయి వాకిట్లో బోర్లించే ఉంది. నేనూ ఇవ్వలేదు. మీ పసుపు కుళ్లిన వాసన మా పూజ గదిలోకి వచ్చేది.

మీటింగులో నడిపయ్య, "అక్కా, నువ్వు దేవుని పటం లెక్క కూసో, దండ మేమేస్తం" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. సర్పంచ్ అని నన్ను పిలిచేది పోస్ట్‌మన్ ఒక్కడే.

మార్కెట్లో మా పసుపు కుప్ప పక్కన కూర్చొని రాస్తున్నాను. మా ఇంటాయన వేలం దగ్గర ఉన్నాడు, వచ్చేలోపు ముగించాలి.

నీ
భాగ్యవ్వ

తా.క. బడిలో నీ చేతికి గడ్డ లేచినప్పుడు నెలరోజులు నీ నోటుపుస్తకాలు నేనే రాశాను, సార్లు గుర్తుపట్టలేదు. ఇది నడిపయ్యకు చెప్పింది మా ఇంటాయన. ఆయన తలుపు మూసి నిలబడితే, నడిపయ్య కాగితం నా ముందు పెట్టాడు. నీ పేరు నేనే రాశాను నర్సవ్వా. అన్నకు ఏ పాపమూ తెలియదు. ముద్ర పడకముందే పిలిచి మాట్లాడు. నా పేరు అన్నకు చెప్పు. ఈ కాగితాలు మాత్రం దాచు, ఎవరికీ చూపకు. నేనింకా ఆ ఊళ్లోనే వండుకు తినాలి.