తేదీలు మార్చి చెప్పిన మాటలు

చింతామణి,
9-12-1979, ఆదివారం

పూజ్యులైన అత్తమ్మగారికి మీ కోడలు అంబుజ నమస్కరించి వ్రాసే సంగతులు. ఇక్కడ నేనూ పాపా బాగున్నాం. పేరేసంద్రలో మీరూ, మరిదిగారి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరడిగిన వాటికి ముందు జవాబులు. పాపకు దగ్గు తగ్గింది. మీరు బస్సులో పంపిన అనపకాయలు భద్రంగా అందాయి. గింజలు నానబెట్టి, పొట్టు ఒలిచి పితికిపప్పు కూర చేసి పక్కింటి కెంపమ్మకు కూడా ఒక గిన్నె ఇచ్చాను. ఇవ్వకపోతే వాసన పట్టుకుని ఆవిడే వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. చిన్నమామ సుబ్బరాయప్పగారు ట్రంక్ కాల్ చేయడానికి మా టెలిఫోన్ ఆఫీసుకు వచ్చినప్పుడు నేను లైనులో పగలబడి నవ్వడం విన్నారట. "మొగుడు పోయి మూడేండ్లన్నా కాలేదు, ఎవరితో ఆ నవ్వులు? ఉద్యోగం చాలించి వచ్చేయి" అని మీరు వ్రాశారు. మొదట కోపం వచ్చింది. ఆయన కాల్‌ను అయిదు నిమిషాల్లో కలిపింది కూడా నేనే, ఆ మాట మాత్రం మీకు చెప్పినట్టు లేదు. తర్వాత ఏడుపొచ్చింది.

మా పనిలో కాల్స్ లేని మధ్యాహ్నాలు ఊరూరి ఆపరేటర్లం లైను మీద మాట్లాడుకుంటాం. చిక్కబళ్ళాపురంలో ఆంజనేయప్పగారు, రిటైరు కాబోతున్న పెద్దాయన. బాగేపల్లిలో సుజాతమ్మ, నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఒకరి మొహం ఒకరం చూడలేదు. "కోడి నీళ్ళు తాగి తల పైకెత్తుతాదే, ఎందుకమ్మా?" అని ఆంజనేయప్పగారు అడిగితే నాలుగు రోజులు వాదించాం. "దేవునికి దండం పెడతాదిలేప్పా" అని సుజాతమ్మ తేల్చేసింది. ఇలాంటి మాటలే మావి.

మీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది అత్తమ్మా. నేను చేరిన కొత్తలో సుజాతమ్మ, "ఈ పొద్దు అన్నంలోకి ఏం సారు అక్కా?" అనడిగింది. ఉలవసారు అన్నాను. "మీ ఆయనకి ఇష్టమా?" అంది. "చానా ఇష్టం" అన్నాను. ఇష్టంగా ఉండేది అనాలి. నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఆ లైను మీద మీ అబ్బాయి బతికే ఉన్నాడు. ఆయన రెండు ముద్దలు తిన్నాడనీ, పాపతో పందెం వేసి ఓడాడనీ రోజూ చెప్పేదాన్ని. అన్నీ జరిగినవే. తేదీలు మాత్రం మార్చాను. కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో పెట్టుకుని వానలో నానుతూ ఇంటికొచ్చాడు, గుర్తుందా? చిన్నమామ విన్న నవ్వు దానికే.

పోయిన వారం సుజాతమ్మ, "ఆదివారం చీర కొనేదానికి చింతామణికి వస్తాండా. మీ ఆయన్ని చూసే పోతా" అంది. గురువారం ధైర్యం చేసి, "ఆయన లేడు సుజాతా. నువ్వు మొదట అడిగిన నాటికే లేడు" అన్నాను. శుక్రవారమంతా తన నుంచి నంబర్లు తప్ప మాట లేదు. ఆ రోజు ఆయన నాకు మళ్ళీ పోయినట్టయింది.

నిన్న మధ్యాహ్నం తనే పలికింది. "నాకి కోపం లేదక్కా, ఏం మాట్లాడల్లో తెలీలేదు. రేపు వస్తాండా, నిన్ను చూసేదానికే. రెండేండ్లుగా మీ ఆయన, మీ ఆయన అంటాంటిమి. ఆయప్ప పేరేంది?"

అబద్ధమాడినందుకు మీరు ఎంత తిట్టినా పడతాను. ఉద్యోగం మాత్రం మానను.

పెళ్ళయి వచ్చిన రోజు మీ గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి, ఆయన పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. అప్పుడు సిగ్గుతో ఒకసారి చెప్పాను. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ, పోయాక కూడా ఆ పేరు నా నోట రాలేదు. నిన్న బాగేపల్లి లైనులో రెండోసారి చెప్పాను, గట్టిగా.

ఇట్లు,
మీ కోడలు,
మునినారాయణ భార్య
అంబుజ