పొడిగాలిలో లైసీన్

కోరాపుట్,
28 డిసెంబరు 1971

రామతులసి అక్కకి,

దేవమణి క్రిస్మస్ వందనాలు. దేవుడి దయవల్ల అమ్మా నేనూ ఇక్కడ కులాసా. వాల్తేరులో నువ్వూ, మన ల్యాబులో ఆ ముసలి ఎక్స్‌రే యంత్రమూ ఏ జబ్బూ లేకుండా ఉన్నారని తలుస్తాను.

ముందు మంచి కబురు. మన లైసీన్ లవణం స్ఫటికం కట్టింది! అక్కడ చెమ్మ తగలకుండా దాచిన డెసికేటర్ జాడీ మూత తియ్యగానే సముద్రపు చెమ్మ పీల్చి జావైపోయేదే, అదే. ఆ నాసి ముక్కలతో తీసిన ఫిల్ముల మీద మచ్చలు లెక్కకట్టలేక మనిద్దరం ఎన్ని సాయంత్రాలు తలలు పట్టుకున్నాం! ఇక్కడ పొద్దున కొండలన్నీ మంచులో మునిగి ఉంటాయి. ఎండెక్కితే గాలి పొడిబారి పెదవులు పగులుతాయి. కిటికీ గట్టున గాజు గిన్నెలో ద్రావణం పోసి, పైన కొట్పాడ్ నేతగాళ్ల పాత ఎర్ర తువ్వాలు కట్టాను. ఎండకి ఆ తువ్వాలు ఎర్రటి నీడ నీళ్లలో పడి, గిన్నెలో ఎప్పుడూ సంధ్యవేళలాగే ఉండేది. ఎంతసేపు చూసినా స్ఫటికం పెరగడం కనబడదు. వంటింట్లోకి వెళ్లొస్తే మాత్రం మరికాస్త పెరిగినట్టుంటుంది. పక్కన కూర్చుంటే నిద్రో మెలకువో తెలిసేది కాదు.

అమ్మకి చూపు తగ్గిందని చెప్పాను కదా. దసరా వెళ్లాక వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా తిరిగిన మనిషి, ఇప్పుడు గోడ పట్టుకు నడుస్తోంది. మొన్న గవ్వలకి పిండి కలుపుతుంటే, "ఆ గిన్నెలో ఏటి పెంచుతన్నావమ్మీ, నాకూ సెప్పు" అంది.

నోటితో ఎలా చెప్పను? పిండి ఉండలు చేసి, చీపురుపుల్లలు గుచ్చి, స్ఫటికం లోపలి అమరికని మనకి తెలిసినంతవరకూ బల్లమీద కట్టాను. అమ్మ నాడి చూసినట్టు ఒక్కొక్క ఉండా తడిమింది.

"ఈ పెద్దది ఎవులు?"

"క్లోరైడమ్మా. రెండు పక్కలా అణువులు దాన్నే పట్టుకుని నిలబడతాయి."

"వొదిలేస్తే?"

"కరిగిపోతాయి."

వేలు ఓ సందులో ఆగింది. "ఇక్కడేటీ నేదేటి?"

"అక్కడ నీరుందని మా అనుమానం. రూఢిగా తెలీదమ్మా. మంచి స్ఫటికం దొరికితే తెలుస్తుంది."

అమ్మ చాలాసేపు వేలు తియ్యలేదు. "తెలిసేక నాకు సెప్పాలి" అంది. పొయ్యి చూసుకునే వంకతో లేచిపోయాను.

స్ఫటికాలన్నిటినీ సన్నటి గాజు గొట్టాల్లో పెట్టి, స్పిరిట్ దీపంమీద మూతులు కరిగించి మూశాను. ఇక ఏ చెమ్మా వాటి జోలికి రాదు. త్వరలో నీ చేతికందుతాయి. ప్రొఫెసరుగారికి నా నమస్కారాలు.

నీ చెల్లెలు వంటి
దేవమణి

తా.క. అక్కా, పొడిగాలి కోసం వెళ్తున్నానని నీతో అన్నాను. అసలు సంగతి అది కాదు. అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. చదువు మానేసి రాయగడలో బడిపంతులమ్మగా చేరిపోదామనే వచ్చాను. స్ఫటికాలు ఎవరిచేతైనా పంపి, మిగతాది నువ్వే పూర్తిచెయ్యమని రాద్దామనుకున్నాను. నిన్న చర్చినించి వస్తూ దారిలో అమ్మకి చెప్పేశాను. అమ్మ రోడ్డుమధ్యనే నిలబడిపోయింది.

"నా కళ్లు పోతే నీ సదువెందుకు పోవాలి? నానే నీతో వొస్తాను" అంది.

కొత్త ఊరు, కనబడదు, ఎలాగమ్మా అన్నాను.

"సముద్రాన్ని సూడాలేటి? ఇంటే సాలదా?" అంది.

వచ్చే వారం సాలూరు ఘాటు మీదుగా బస్సులో ఇద్దరం వస్తున్నాం. అలల చప్పుడు వినిపించే చోట, మెట్లు లేని గది ఒకటి చూసిపెట్టు.