అద్దంలో కనబడేచోట

సెడూనా,
జూన్ 12, 1986

ప్రియమైన క్లెమ్‌కి,

ఫ్రిజ్‌లో పెట్టొచ్చిన మాంసం కూరిన పాస్టీలు ఈపాటికి అయిపోయి ఉంటాయి. నా మీద కోపం కూడా అయిపోయి ఉంటే బావుండును. నువ్వు కళ్ళ పరీక్షకని అడిలైడ్ వెళ్ళిన రోజు చూసుకుని కారుకి మన చక్రాల ఇల్లు, ఆ కారవాన్ తగిలించుకుని వచ్చేయడం దొంగ పనే, ఒప్పుకుంటాను. నువ్వు ఇంట్లో ఉంటే వెళ్ళనిస్తావా? "ఈ చలికాలం కాదులే ఉనా, బేరింగ్‌లు సరిగ్గా లేవు" అనేవాడివి. పన్నెండు చలికాలాలుగా అదే పాట.

కొక్కెం తగిలించింది పక్కింటి జెరాల్డ్. అతన్నేమీ అనకు. మన సందులో కారవాన్ మూతి వీధివైపే ఉంది కాబట్టి తిన్నగా లాక్కొచ్చేశాను. అప్పట్లో మీరు నలుగురూ దాన్ని చేతుల్తో తోసి లోపల పెట్టారు చూడు, రివర్స్ చేస్తే క్లచ్ అరిగిపోతుందని నువ్వు అనడంతో. ఆ తోసిన పుణ్యం ఇప్పటికి పనికొచ్చింది.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడక్కు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, "సరే" అంటావు, పెట్టేస్తావు. నాతో పది మాటలు కలిపి చెప్పింది కాగితం మీదే, అదీ పెళ్ళికి ముందు.

ఇక దారి కబుర్లు. కింబా దాటాక ఎదురుగాలి. కారవాన్ తోక అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. కారు నా మాట వినడం మానేసి దాని మాట వింటోంది. ఎలాగో పక్కకి ఆపి గుండె చిక్కబట్టుకుని కూర్చుంటే, ఒక లారీ ఆయన దిగొచ్చి కారవాన్ తలుపు తీసి చూసి, "ఏంటమ్మా, సంసారమంతా వెనకాలే సర్దావా?" అని నవ్వాడు. కుట్టుమిషను, డబ్బాలు, నీళ్ళ క్యాన్లు అన్నీ నేను వెనక గోడకే పెట్టాను. ఇద్దరం కలిసి చక్రాల మీదికి, ముందుకి జరిపాం. "మళ్ళీ ఊగితే కారు బ్రేకు తొక్కకు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కారవాన్ బ్రేకు ఒక్కటే మెల్లగా లాగు" అన్నాడు. ఆ తర్వాత ఊగలేదు. ఇంజను వేడెక్కితే మాత్రం నువ్వు గ్యారేజీకొచ్చిన వాళ్ళకి చెప్పే చిట్కానే వాడాను. ఇంజను వేడి లాగేయడానికి కారు లోపల హీటర్ పూర్తిగా పెట్టి, నడి చలికాలంలో చెమటలు కక్కుతూ నడిపాను.

ఇంకొకటి. ఆగిన చోటల్లా చక్రం మధ్యన హబ్బు మీద చెయ్యి పెట్టి చూడమని నువ్వు ఊరందరికీ చెబుతావు కదా, నేనూ చూస్తున్నాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిదాని మీద చెయ్యి ఆనడం లేదు. ఏం చెయ్యాలో రాయి. గాలి తగ్గేదాకా, వారమైనా సరే, ఇక్కడే ఉంటాను. సెడూనా పోస్టాఫీసులో నా పేరు మీద ఉంచమని రాస్తే చాలు.

ఎందుకు వెళ్తున్నావని నువ్వు అడగవు, నేనే చెబుతాను. ఆల్బనీలో డల్సీ ఇల్లు అమ్ముడైపోయింది. జూలై నెలాఖరుకి కొన్నవాళ్ళు దిగుతారు. "అక్కా, మీ కారవాన్ కోసం ఇంటి పక్కన చోటు ఖాళీగానే ఉంచాను" అని నా చెల్లెలు ఏటేటా రాసింది. ఫిబ్రవరిలో ఒంట్లో బాలేదని రాసినప్పుడు నేను బస్సెక్కుతానంటే, "రెండు వారాలు ఆగు, బేరింగ్‌లు వస్తాయి, ఇద్దరం మన బండిలోనే వెళ్దాం, దానికీ అదే సంతోషం" అన్నావు. ఆగాను. పదమూడో రోజున టెలిగ్రాం వచ్చింది. అంత్యక్రియలకి విమానంలో వెళ్ళమన్నావు. బతికుండగా వెళ్ళనిదాన్ని అప్పుడు వెళ్ళి ఎవరికి మొహం చూపించను? ఇప్పుడు అది ఉంచిన చోటులో నాలుగు రోజులైనా ఉండి రావాలని వెళ్తున్నాను.

మందులు మర్చిపోకు.

నీ
ఉనా


మూంటా,
జూన్ 16

పిల్లా,

చెయ్యి ఆనకపోతే బండి ఒక్క అడుగు కదపకు. బేరింగ్ పోయినట్టే. అలాగే నడిపితే చక్రం ఊడి నీకంటే ముందు పోతుంది.

కారవాన్‌లో ముందు సీటు కింద, దుప్పట్ల వెనకాల ఆకుపచ్చ రేకు పెట్టె ఉంది. అందులో కొత్త బేరింగ్‌లు ఉన్నాయి. మంచి మెకానిక్‌ని చూసుకో. రెండు చక్రాలవీ మార్చమను. గ్రీజు కొత్తది పెట్టమను, పాతదాని మీద పూయనివ్వకు. నట్టు బిగించి, మళ్ళీ కాస్త వదులు చెయ్యాలి. నువ్వు పక్కనే నిలబడి చూడు. యాభై కిలోమీటర్లు నడిపాక మళ్ళీ చెయ్యి పెట్టు. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం కంటే దిగకూడదు.

పెట్టె తెరిచాక నీకు అర్థమవుతుంది. అప్పుడు నన్నేమన్నా అను. ఈ మాట రాయకుండా ఉండే దారి ఏదన్నా ఉందా అని రాత్రి చాలాసేపు చూశాను. ఏ దారిలో వెళ్ళినా నువ్వు ఆ చక్రం మీదే ఉన్నావు.

పాస్టీలు అయిపోయాయి.

క్లెమ్


సెడూనా,
జూన్ 20

క్లెమ్,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

ఇక్కడి మెకానిక్ మనోలీ అనే గ్రీకు ముసలాయన. హబ్బు మూత దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు పైకీ కిందకీ జరిపి చూసి, "ఎవరమ్మా దీన్ని చూసేది?" అన్నాడు. "మా ఆయనే. ముప్పయ్యేళ్ళు గ్యారేజీ నడిపాడు. మూడుసార్లు బేరింగ్‌లు మార్చాడు" అన్నాను, గొప్పగానే. ఆయన నా వేలు పట్టుకుని మూత అంచు మీద పెట్టాడు. "ఈ పెయింటు చూడు. ఫ్యాక్టరీలో వేసింది. ఎక్కడా చిట్లలేదు. ఈ మూత పుట్టాక ఎవరూ తియ్యలేదు తల్లీ" అన్నాడు. లోపల గ్రీజు ఎండిపోయి మైనంలా అయింది. "తిరిగినదానికంటే నిలబెట్టినదే ముందు పాడవుతుంది" అని కూడా అన్నాడు. ఆయన బండి గురించే అన్నాడులే.

అప్పుడు నీ రేకు పెట్టె తెరిచాను. సీలు విప్పని మూడు అట్టపెట్టెలు. ఒక్కోదాని మీద నీ చేతిరాతతో ఏడాది. 1977. 1980. 1984. నువ్వు మార్చానని చెప్పిన ఏడాదులే. ఈ ఫిబ్రవరిలో రావాల్సినవి అసలు ఎవరినీ అడగనే లేదన్నమాట.

మనోలీ ముందు ఏడవకూడదని టీ పెడతానని లోపలికి వెళ్ళాను. నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయేదాకా కూర్చున్నాను.

ఎందుకు క్లెమ్? డల్సీ అంటే నీకు గిట్టదా? అది నిన్నేమన్నా అందా? నాతో మూడు వారాలు ఒకే గదిలో ఉండడం అంత కష్టమా? ఏదైనా సరే, చెబితే వినేదాన్ని. పెళ్ళాంతో చెప్పుకోలేని మాట ఏముంటుంది?

రెండు చక్రాలూ బాగయ్యాయి, నువ్వు చెప్పినట్టే పక్కన నిలబడి చేయించాను. రేపు బయల్దేరుతున్నాను. ఎస్పెరాన్స్ పోస్టాఫీసుకి నిజం రాయి. ఇంకో అబద్ధం రాస్తే నేను బండిని మూంటా వైపు తిప్పను. ఆల్బనీలో నాకు కుట్టుపని దొరక్కపోదు.

ఉనా


మూంటా,
జూన్ 24

ప్రియమైన ఉనా,

ఆ మాట నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

రాయడానికి రెండు రోజులు పట్టింది. ఎందుకంటే కారణం చాలా చిన్నది. పెద్ద కారణమైతే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

నాకు కారవాన్ రివర్స్ చెయ్యడం రాదు.

అంతే ఉనా. ఊళ్ళో ఏ బండి ఆగిపోయినా నా దగ్గరికే తెచ్చారు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలను. కారవాన్ తగిలించి వెనక్కి నడపమంటే మాత్రం స్టీరింగ్ ఎటు తిప్పితే అది ఎటు పోతుందో నా బుర్రకెక్కదు.

1974 ఈస్టర్, పోర్ట్ లింకన్. మనిద్దరం, డల్సీ. నీకు నేను గుద్దిన నీళ్ళ కుళాయి విరిగి ఫౌంటెన్‌లా చిమ్మడం గుర్తుండి ఉంటుంది, ఎన్నోసార్లు చెప్పి నవ్వావు. నాకు మిగతాదంతా గుర్తుంది. సాయంత్రం అయిదింటికి కారవాన్‌లు నిలిపే పార్కులో అందరూ మడతకుర్చీలు వేసుకుని బీర్లు పట్టుకుని కొత్తగా వచ్చేవాళ్ళని చూస్తారు కదా, ఆ వేళకి చేరాం. పద్నాలుగుసార్లు తిప్పాను. ఒకాయన ప్రతిసారీ పదికి ఎన్ని మార్కులో అరిచి చెప్పాడు. "మెకానిక్ అంట!" అని ఇంకొకాయన. నేను కిటికీలోంచి నీ మీద అరిచాను, "కళ్ళు కనపడవా నీకు?" అని, అంతమంది ముందు. చివరికి పక్క కారవాన్ ఆవిడ వంట మధ్యలోంచి వచ్చి, గరిట నా చేతికిచ్చి, ఒక్క తిప్పులో పెట్టేసింది. నేను గరిట పట్టుకుని నిలబడ్డాను. నవ్వుల్లో అందరికంటే పైకి వినబడింది డల్సీ నవ్వు.

తిరిగొచ్చాక తెల్లారగట్ల జెరాల్డ్ వాళ్ళని పిలిచి తోయించాను. క్లచ్‌కి ఏమీ అయ్యేది కాదు.

మరుసటేడు డల్సీ ఇంటి ఫోటో పంపింది. ఇంటికీ పక్కింటి కంచెకీ మధ్య పదకొండు అడుగుల సందు, చివర మూసేసి ఉంది. రివర్స్‌లో తప్ప పెట్టలేం. మళ్ళీ ఆవిడ ముందే, మళ్ళీ నేనే. ఆ ఏడాదికి ఒక సాకు చెప్పాను. రెండేళ్ళ తర్వాత, ఆ సాకు నిజమనిపించడానికి బేరింగ్‌లు కొన్నాను. నేర్చుకుందామని రెండు ఆదివారాలు ఖాళీ మైదానానికి పాత ట్రెయిలర్ తీసుకెళ్ళాను. ఎవరో కుక్కని తిప్పుతూ అటు వస్తే ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరిలో కూడా రెండు వారాల్లో ఏమీ అవదనుకున్నాను. నిన్ను బస్సెక్కనిచ్చి ఉంటే నువ్వు డల్సీ చెయ్యి పట్టుకుని ఉండేదానివి. నిన్ను ఆపింది బేరింగ్‌లు కాదు, నేను. పొద్దున్న లేవగానే అదే గుర్తొస్తోంది.

తిరిగి రమ్మని అడిగే మొహం నాకు లేదు. బ్రేకు ఎక్కువ పట్టుకుంటే హబ్బు రెండువైపులా సమానంగా వేడెక్కుతుంది, అప్పుడు బేరింగ్ అనుకుని భయపడకు.

క్లెమ్


ఆల్బనీ,
జూలై 9

ప్రియమైన క్లెమ్‌కి,

నీ ఉత్తరం ఎస్పెరాన్స్ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. మొదట నవ్వొచ్చింది, నిజం. తర్వాత కోపం ఎంత వచ్చిందంటే కాగితం ఉండ చేసి, మళ్ళీ సాపు చేసి చదివాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నీ ఉత్తరం చేతికి రాకముందే, నార్స్‌మన్ పార్కులో నేను రివర్స్ చేశాను. ముందునుంచి పోయే జాగా లేదు మరి. ఆరుగురు మడతకుర్చీల్లో ఉన్నారు. ఒక చెత్తడబ్బా పడగొట్టాను. ఒకావిడ పకపకా నవ్వింది. "అమ్మా, అటు కాదు, ఇంకో అటు!" అని ఒకాయన అరిచాడు. తొమ్మిదోసారికి పడింది. నవ్వినావిడే టీ కప్పు తెచ్చిచ్చి, "మొదటిసారి నేను ఏకంగా మరుగుదొడ్డి గోడే కూల్చాను" అంది. గడియారం చూసుకున్నాను. మొత్తం పదకొండు నిమిషాలు. నీ ఉత్తరం చదివాక ఆ పదకొండు నిమిషాలే బుర్రలో తిరిగాయి. పదకొండు నిమిషాలు నవ్వులపాలు కాలేక మన పన్నెండు చలికాలాలు ఖర్చు పెట్టేశావు.

మొన్న సాయంత్రం ఇక్కడికి చేరాను. తాళాలు పక్కింటి నోరీన్ దగ్గరున్నాయి. వీధిలో కారాపి, ఆ సందు చూసి, నీ మాటే నిజం, ఇందులో ఎలా పెడతానా అని గుడ్లప్పగించి చూస్తున్నాను. నోరీన్ ఏప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. కారులోకి తొంగిచూసి, "మీ ఆయన రాలేదా?" అంది. లేదన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో, గేటు ఆయన కోసమే కదమ్మా పెట్టించింది!" అంది.

ఏ గేటని అడిగాను. తిన్నగా పోనివ్వమంది. పోనిచ్చాను. సందు చివర, నీ ఫోటోలో మూసేసి ఉన్న చోట, కంచె లేదు క్లెమ్. కారవాన్ పట్టేంత వెడల్పు గేటు. దాని అవతల వెనక వీధి. ముందునుంచి రావడం, ముందుకే పోవడం. రివర్స్ అన్న మాటే లేదు.

నోరీన్ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాస్తాను. "ఫోటో పంపిన మరుసటేడే కంచె పీకించింది. ఎందుకే అంటే, 'మా బావకి వెనక్కి నడపడం రాదు నోరీన్. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది. ఆయన గరిట పట్టుకుని నిలబడ్డాడు, నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ తర్వాత ఆయన మొహంలోకి చూడలేకపోయాను' అంది. అక్కకి రాయరాదా అంటే, 'అమ్మో, అక్కకి రాస్తే ఆయనకి తెలుస్తుంది. నాకు తెలుసని తెలిస్తే ఆయనకి నామోషీ. రానీ, వాళ్ళంతట వాళ్ళే చూస్తారు' అంది. ఏటా మే నెలలో ఆ గేటు కీళ్ళకి గ్రీజు పూసేది. ఈ ఏడాది చేతకాక నా చేత పూయించింది, ఫిబ్రవరిలోనే. ఎందుకే ఇంత ముందుగా అంటే, 'వాళ్ళు ఈసారి రావచ్చు' అంది."

ఒక్క వేలితో నెట్టాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

కారవాన్‌ని అక్కడే పెట్టుకుని ఉన్నాను. పగలంతా డల్సీ గిన్నెలూ బట్టలూ సర్దుతున్నాను. సాయంత్రం గేటు పక్కన కుర్చీ వేసుకుంటున్నాను. మీరిద్దరూ ఒకరికొకరు సిగ్గుపడి నోరు మూసుకున్నారు. మధ్యలో నేను పిచ్చిదానిలా బేరింగ్‌ల కోసం ఎదురుచూశాను. నాకు ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. అది తలుచుకుంటే ఇద్దరి మీదా కోపమే.

నిన్ను క్షమించానని ఇప్పుడే రాయలేను. నన్ను దాని దగ్గరికి పోనివ్వని మనిషివి నువ్వు, ఆ మాట నా కడుపులోంచి పోదు. డల్సీ మాత్రం నిన్నేమీ అనుకోలేదు. అది నీకు తెలియాలి, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఆగస్టు మొదటి వారంలో ఇంటికొస్తాను. నిన్ను ఎరుగుదును, ఇది చదవగానే మనకీ అలాంటి గేటు పెట్టాలని గొడ్డలి పట్టుకుని మన వెనక కంచె మీద పడతావు. ముట్టుకోకు. జెరాల్డ్‌నీ పిలవకు. పట్టపగలే వస్తాను, వీధిలో వాళ్ళు కుర్చీలు వేసుకుని చూస్తే చూడనీ. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు నేనే రివర్స్ చేసి పెడతాను. నువ్వు లోపల దాక్కోకు. సందు చివర, కుడివైపు అద్దంలో నాకు కనబడేచోట నిలబడు.

నీ
ఉనా