పడవ ఒరిగిన వైపు

ఆదివారం రాత్రి, ఏలూరు

ఆయన పోయాక నేను ఇల్లు కదలడం లేదని అన్నయ్య ఇవాళ కాలవలో తెరచాప పడవెక్కించాడు. ఎండ, గాలి, నీళ్ళ మీద గుర్రపుడెక్క. అన్నీ చూశాను. బాగున్నాయో లేదో తెలియలేదు.

"కాస్త మధ్యకి జరగండమ్మా, పడవ ఒరిగిపోతోందండి," అన్నాడు పడవాయన.

చూసుకుంటే, బల్ల మీద ఓ చివర కూర్చుని పక్కన ఆయనకి చోటు వదిలేశాను. జరిగాను. మంచం మీద కూడా ఇలాగే ఓ అంచున పడుకుంటున్నానేమో...

కాలవకి అడ్డంగా ఉన్న లాకుల తలుపులు ఈ రోజుల్లో తెరుచుకోవు. అక్కడ అందరం దిగాం. పడవని గట్టు మీదుగా అవతలికి లాగారు. పులిహోర తిన్నాను, ఉప్పుందో లేదో గుర్తు లేదు.

మళ్ళీ ఎక్కి, మళ్ళీ ఆ చివరే కూర్చున్నాను. ఈసారి ఎవరూ జరగమనలేదు. అన్నయ్య నిండు మంచినీళ్ళ క్యాను తెచ్చి నా పక్క ఖాళీలో పెట్టాడు.

పడవ సమంగా నడిచింది.