బస్టాపు బోర్డు మీది అమ్మాయి

మార్చి 11, మంగళవారం

చిరంజీవి మా పిడుగుకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, నా మోకాళ్లు, మీ తాతయ్య చెవి మిషను ఎవరి దారిన వాళ్లం క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని నమ్మినట్టు నటిస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు రాసిన ఆ ఫోటో మా వీధి చివర బస్టాపులో పదిరోజులుగా ఉంది. ఆకుపచ్చ గౌను, నేలమీద వాలిపోయిన అమ్మాయి, అరమూసిన కళ్లు. పక్క బోర్డులో కోటు అమ్మే మగవాడు మాత్రం చేతులు కట్టుకుని కొండలా నిలబడ్డాడు. కోటు అమ్మడానికి నిలబడితే చాలు, గౌను అమ్మాలంటే పడిపోవాలి కాబోలు అని మీ తాతయ్యతో అన్నాను. ఆయనకు వినపడలేదు. అందుకని ఇంకాస్త గట్టిగా, ఈ పిల్లకి లేచి కూర్చునే ఓపిక కూడా లేదా, సిగ్గులేకపోతే సరి అన్నాను. బస్సు కోసం చూస్తున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె నటించలేదని, నిజంగానే స్పృహ తప్పిందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. పొట్ట కనపడుతుందని పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగనివ్వలేదట. వదులు గౌను ఒంటికి అతికినట్టు ఉండాలని వెనకవైపు పదకొండు క్లిప్పులు బిగించింది నువ్వేనట, స్టూడియోలో నీ పనే అది కదా. ఆమె పడగానే నువ్వు పరిగెత్తబోతే ఫోటోగ్రాఫరు, ఆగమ్మా ఆగు, వెలుతురు అద్భుతంగా ఉంది, ఎవరూ ముట్టుకోకండి అన్నాడట. నువ్వు ఆగావట.

ఇప్పుడా అమ్మాయి ఆ ఫోటో తీసేయమంటోంది. అది ఆమె ఇష్టపడి ఇచ్చిన పోజేనని కంపెనీవాళ్లు కాగితం రాయించారు. ముగ్గురు సంతకం చేశారు, నీదొక్కటే మిగిలింది. శుక్రవారంలోగా పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. ఏం చేయను అమ్మమ్మా అని అడిగావు. మీ అమ్మయితే ఫోనులో, సంతకమే కదా, గీకి పారేయమను, ఉద్యోగాలేమైనా రోడ్డుమీద దొరుకుతున్నాయా అంటోంది.

పెట్టకు. ఆ పూట భయపడి ఆగావు, దానికి నిన్ను తిట్టను. సంతకం మాత్రం భయపడి పెట్టినా, ఇష్టపడి పెట్టినా చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. ఉద్యోగం పోతే మా దగ్గరికి వచ్చేయ్. ముందు గది ఖాళీగానే ఉంది, తాతయ్య గురక అదనం.

ఇట్లు,
నోరు అదుపులో లేని మీ అమ్మమ్మ

తా.క.: ఇది చదివి నన్ను ధైర్యవంతురాలనుకోకు. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు, బడి ప్రకటనకి ఫోటో కావాలని ఆడపిల్లల్ని మూడు గంటలు ఎండలో నిలబెట్టాను. నవ్వు చెదరకూడదన్నాను. ఒక పిల్ల పడిపోయింది. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, తప్పు నాదే టీచరుగారూ, ఇకనుంచి కడుపునిండా పెట్టి పంపుతాను అని ఏడ్చింది. పర్వాలేదులే అమ్మా, ఇకమీదట జాగ్రత్త అన్నాను.