లముకుకి పిట్ట

అమ్మకు,

నీ కొడుకు దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను కులాసా. నువ్వూ, చెల్లీ, నాన్నా, నాన్న మోకాలూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇంతవరకే. ఇక అసలు మాట. మన ఇంట్లో దొంగతనం జరిగింది. దొంగ తూనీగ మార్కు టీ కంపెనీ యజమాని, ఊరంతా చినబాబు అని పిలిచే పెద్దమనిషి. పోయిన సొత్తు ముప్పై రెండు పిట్టలు. సొత్తు నీది. జరిగి ఇరవై ఆరేళ్ళయింది, నువ్వు ఇంతవరకు ఒక్క కేకైనా వెయ్యలేదు.

"మళ్ళీ మొదలెట్టాడు వీడు" అని ఉత్తరం మడిచెయ్యకు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

వేళకి తింటున్నావా అన్నావు. తింటున్నాను. నేనుండే గది కింద దర్జీ బాబాయి కొట్టు ఉంది కదా, నేను మెట్లు దిగే చప్పుడు వినగానే ఆయన భార్య కంచం పెట్టేస్తుంది. వద్దంటే కొలత టేపు తెచ్చి నా నడుము కొలిచి మరీ తిడుతుంది. కోపం తగ్గిందా అన్నావు. తగ్గింది. పోయిన నెల ఇద్దరితో పోట్లాడాను, ఈ నెల ఒక్కడితోనే. ఆ ఒక్కడి సంగతే ఈ ఉత్తరం. కరపత్రాలు చదవడం మానెయ్యమన్నావు. అచ్చాఫీసులో పనిచేసేవాణ్ణి కరపత్రాలు చదవొద్దనడం వంటవాణ్ణి వాసన చూడొద్దన్నట్టు ఉంటుందమ్మా. నేను చదివిన చదువంతా ఆ నాలుగు పేజీల కాగితాలే. తడి ఆరకముందే చదువుతాను కాబట్టి కొంచెం నా వేళ్ళకి కూడా అంటుకుంటుంది.

నువ్వు పంపిన బొమ్మ జాగ్రత్తగా ఉందా అని రెండుసార్లు అడిగావు. రెండోసారి కింద గీత కూడా గీశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను.

కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని చినబాబు ఒక పుస్తకం వేయిస్తున్నాడని ముందే రాశాను. ఆ పని మా అచ్చాఫీసుకే వచ్చింది. మా దగ్గర అక్షరాలు పేర్చే ముసలాయన ఉన్నాడే, మేమంతా అక్షరాల తాత అంటాం, ఆయన పేరుస్తుంటే నేను చిత్తుప్రతి చదివి వినిపిస్తున్నాను. మొదట్లో బాగానే ఉంది. చినబాబు తండ్రి, ఆ పెద్దాయన, తోపుడుబండి మీద పొట్లాలు కట్టి టీపొడి అమ్మిన రోజులు. తర్వాత రేకు డబ్బా, డబ్బా మీద తూనీగ. ఆ తర్వాత పక్క ఊరి కంపెనీ వచ్చి వీళ్ళ అమ్మకాలు పడగొట్టడం. అప్పుడు పెద్దాయనకి తట్టిన ఆలోచన, డబ్బాకో పిట్ట బొమ్మ కార్డు. ముప్పై రెండూ పోగుచేసి ఆల్బంలో అతికిస్తే తూనీగ మూత ఉన్న టీ డబ్బా ఉచితం. ఇక చూడు, టీ ముట్టని ఇళ్ళల్లో కూడా పిల్లలు పీకలమీద కూర్చుని తాగించారట. బళ్ళో కాకికి రెండు పిచ్చుకలు, గుడ్లగూబకి నాలుగు కాకులు. గోరింక దొరకలేదని ఒకాయన రోజుకి పదకొండు టీలు తాగి నిద్ర లేక ఆస్పత్రిలో చేరాడని ఆ పుస్తకంలోనే ఉంది. ఆ తర్వాత చెంచాలిచ్చారు, గాజుగ్లాసులిచ్చారు, తాళం చెవుల గొలుసులిచ్చారు. పిట్టల ముందు ఏదీ నిలవలేదు.

అంతవరకు చదివి తర్వాతి పేజీ తిప్పాను. "ఈ ముప్పై రెండు చిత్రాలూ మన చినబాబుగారు యువకుడిగా ఉన్నప్పుడు స్వయంగా గీసినవి. పంతొమ్మిదో కార్డులో పేరు తప్పుపడటం అచ్చుపనివారి నిర్లక్ష్యం."

తాత చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోసారి చదువు" అన్నాడు.

చదివాను.

"నిర్లక్ష్యమా? నాదా?" కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఒరేయ్, వాళ్ళు రాసిచ్చింది రాసినట్టు పేర్చేవాణ్ణి నేను. ఇదేంటి బాబూ ఇలా ఉంది అని ఆ రోజు వాళ్ళాఫీసుకి పోయి అడిగాను కూడా. ఇదే చినబాబు, అప్పుడింకా మీసం సరిగ్గా రాలేదు, 'మా నాన్న సంతకం పెట్టాడు, ఉన్నది ఉన్నట్టు కొట్టు' అన్నాడు. కొట్టాను. ఇప్పుడు నా నెత్తిన కొడతాడా!"

ఆ పేజీకి జతచేసిన కార్డు అప్పుడు చూశాను. నీలం వీపు, పొడుగు ముక్కు, నోట్లో చేప. కింద పేరు 'లముకుకి'.

అమ్మా, లోకమంతా లకుముకి అంటుంది. లముకుకి అనేది మన ఇంట్లోనే. తాతయ్యకి నాలుక తిరగక అన్న మాట నీకు వచ్చింది, నీ దగ్గర నాకు వచ్చింది. మూడో తరగతిలో ఆ మాటకే మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. రెండేళ్ళు నా పేరే లముకుకి. నన్ను ఏడిపించిన ఆ మాట, నేను పుట్టకముందు అచ్చయిన కార్డు మీద ఏం చేస్తోంది? "ఇది మా ఇంటి మాట!" అని నేనరిచిన అరుపుకి మిషను నడిపేవాడు మిషను ఆపేశాడు.

ఆ రోజే నీకు రాశాను. నువ్వు మూడు పేజీలు రాశావు. నీ జన్మలో అంత పొడుగు ఉత్తరం రాయలేదు. డబ్బాలకి కాగితాలు అతికించే పనిలో ఉండి, భోజనాల విరామంలో ఆ కాగితాల వెనక పిట్టలు గీసేదానివని, అది పెద్దాయన చూసి కిటికీ పక్కన బల్ల వేయించాడని, పదకొండు నెలల్లో ముప్పై రెండు గీశావని. పంతొమ్మిదోది బయటికి రాగానే బడిపంతుళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయని. పెద్దాయన ఊళ్ళో లేని రోజు చూసి చినబాబు ఆ ఉత్తరాల కట్ట నీ బల్లమీద పడేసి, "పిట్ట పేరు కూడా రానిదానికి కుంచె ఎందుకు? పోయి జిగురు కలుపు" అన్నాడని. మర్నాటి నుంచి పని మానేశావని. ఇన్నేళ్ళూ పచారీ చీటీ మూల పిట్ట ముక్కు గీసి, గబుక్కున కొట్టేసే నిన్ను చూశాను. ఎందుకు కొట్టేస్తావో ఇప్పుడు తెలిసింది.

చివర్లో ఇలా రాశావు: "తప్పు నాదే కదరా. నలుగురిలో నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు. వదిలెయ్యి."

వదలను. నిన్ను చూసి ఎవరూ నవ్వడం లేదమ్మా! దర్జీ బాబాయి కొట్టుకొచ్చి చూడు. ఆయన ఆ పిట్టల పిచ్చివాళ్ళలో పెద్ద పిచ్చివాడు. ఆయన ఆల్బం రెండు పొరల మల్లు గుడ్డలో చుట్టి ఉంటుంది. చేతులు కడుక్కుంటేగాని చూపించడు. తప్పు తెలిశాక కంపెనీ ఆ కార్డు ఆపేసి పేరు దిద్ది మళ్ళీ వేసింది కదా. ఆ దిద్దిన కార్డు బోలెడన్ని ఉన్నాయి. బయటికి వచ్చిన కొద్దిపాటి తప్పు కార్డుల కోసమే వీళ్ళు ఊళ్ళూళ్ళు తిరుగుతారు.

"సరైనది ఎవడికి కావాలోయ్, పెరట్లో తోటకూర" అన్నాడు బాబాయి. "నా లముకుకి కోసం నేను పెళ్ళికి కుట్టించుకున్న కోటు ఇచ్చేశాను తెలుసా?"

"ఆ కోటు ఆయనకి పట్టడం మానేసి అప్పటికే ఏడాదయింది" అంది పిన్ని లోపల్నుంచి.

ఆయన ఇంకోటి కూడా చూపించాడు. ముప్పై రెండు పిట్టల కంట్లోనూ వెలుగు చుక్క ఎడమవైపే ఉంది. "గీసినవాళ్ళకి కిటికీ ఎడంపక్కన ఉండేదిరా" అన్నాడు. నీ ఉత్తరంలో ఉన్నది అదే. నేనింకా ఆయనకి నీ సంగతి చెప్పనే లేదు. చెప్పాక ఆయన లేచి నిలబడి, కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా చొక్కాకి ఊడిన గుండీ కుట్టాడు.

ఇప్పుడు ఆ బొమ్మ సంగతి.

నువ్వు పంపిన అసలు బొమ్మ, లేబులు కాగితం వెనక గీసింది, నీ చేతిరాతతో లముకుకి అని, దాని పక్కన పెద్దాయన "బాగుంది, అచ్చుకి పంపండి" అని సంతకం పెట్టింది. ఎవరికీ చూపించకు, చూసి దాచుకో అన్నావు. నేను దాన్ని తీసుకుని నేరుగా చినబాబు గదికి వెళ్ళాను. న్యాయం చూపిస్తే ఎవడైనా తలవంచుతాడని నా నమ్మకం. ఆ మాట నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది.

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పాడు. "ఏ పత్రికవాడివి నువ్వు?" అన్నాడు.

"పత్రికవాణ్ణి కాదండి. ఆ పిట్టలు గీసినావిడ కొడుకుని."

"ఓహో, ఆ జిగురమ్మాయి కొడుకువా!" నవ్వాడు. "చూడు బాబూ, కాగితాలు అతికించుకునే మనిషికి కుంచె ఇవ్వడం మా నాన్న చేసిన పొరపాటు. ఆ పొరపాటు మేం దిద్దుకున్నాం. టీ తాగి వెళ్ళు."

విన్నావా? తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఇంకెవడైనా అయితే బొమ్మ జేబులో పెట్టుకుని చల్లగా బయటికొచ్చేవాడు. నేను నేనే కదా. "కుంచె పట్టని చేతులతో పిట్టలు గీసిన మొనగాడివి, కళ్ళు పెట్టుకుని చూసుకో!" అని ఆ కాగితం ఆయన బల్లమీద విసిరికొట్టి, తలుపు ధడేలున వేసి వచ్చేశాను. వీధి మలుపు దాకా ఛాతీ విరుచుకుని నడిచాను. అక్కడ చెయ్యి చూసుకుంటే ఖాళీ.

పరిగెత్తాను. అయ్యగారు లేరన్నాడు కాపలావాడు. మర్నాడు వెళితే చినబాబు గుమ్మం దగ్గరే నిలబడి, "ఏ బొమ్మ?" అన్నాడు.

అమ్మా, దొంగ ఆయనే. కానీ ఇరవై ఆరేళ్ళు నువ్వు కాపాడుకున్న ఒక్క రుజువునీ ఆ దొంగ బల్లమీద పెట్టి వచ్చింది నీ కొడుకు. పది రోజుల్నుంచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, ఈ చోటికి రాగానే చించేస్తున్నాను. నన్ను తిట్టు. నీ తిట్లన్నీ కూడబెట్టి ఒక్కసారే తిట్టు. కానీ వచ్చి తిట్టు, ఉత్తరంలో కాదు.

తాతకి చెప్పినప్పుడు ఆయన తిట్టలేదు. పుస్తకంలో ఆ రెండు వాక్యాలూ నా చేత్తో పేర్చనని చినబాబు మనిషికి చెప్పేశాడు. పుస్తకం వేరే అచ్చాఫీసుకి పోయింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "రాయరా, నీ కరపత్రం నేను పేరుస్తాను" అన్నాడు. జరిగిందంతా రాశాను. నిప్పులు కురిపించిన నాలుగు పేరాల్లో మూడు తాత కొట్టేశాడు. చివరి వాక్యం ఇది: "ముప్పై రెండు పిట్టలు గీసినావిడ పేరు" అని, ఆ తర్వాత ఖాళీ.

నీ పేరు వెయ్యబోయాను. నీ ఉత్తరంలో 'వదిలెయ్యి' గుర్తొచ్చింది. ఒకసారి నువ్వొద్దన్నది చేసి చూశాను, చాలు. ఖాళీగానే ఉంచమన్నాను. తాత ఆ ఖాళీలో కూడా సీసం ముక్కలు పేరుస్తుంటే ఎందుకన్నాను. "ఖాళీ ఊరికే నిలబడదురా. దానికీ బరువు పెట్టాలి, లేకపోతే పక్క అక్షరాలన్నీ కూలిపోతాయి" అన్నాడు.

ఈ ఆదివారం కంపెనీ గేటులోపల బొమ్మల ప్రదర్శన. చినబాబు గొప్పగా ముప్పై రెండు పిట్టల కింద తన పేరు రాయించి పెట్టాడు. బయట రోడ్డు మీద, గేటుకి ఎదురుగా, మేమొక బల్ల వేస్తున్నాం. కిటికీ లేదు గాని వెలుగు నీకు ఎడమవైపు పడేలా చూసి వేస్తాను. కాగితాలు తాతవి. కుంచెలు బాబాయి కొన్నాడు, మూడు సైజులు, నీకేది అలవాటో తెలియక. ఆల్బాలు పట్టుకుని ఆయన పిచ్చివాళ్ళు పదిహేడుమంది వస్తున్నారు, దూరం నుంచి కూడా. కాగితం పోయింది గాని దాన్ని గీసిన చెయ్యి ఎక్కడికీ పోలేదు కదా. అందరి ముందూ ఒక్క పిట్ట గియ్యి. కింద మన ఇంటి మాటే రాయి. ఆ తర్వాత ఆ ఖాళీలో నీ పేరు నువ్వే రాస్తావో, వద్దంటావో నీ ఇష్టం. నువ్వు రాయనిదే ఆ చోట ఒక్క అక్షరం పడదు.

నేనారోజు నోరెత్తను. ఎత్తితే కరిగించిన సీసం నా నోట్లో పోస్తానని తాత మాటిచ్చాడు.

నాన్న "ఎందుకీ గొడవ" అంటే ఆయన్నీ తీసుకురా, కూర్చోడానికి కుర్చీ వేయిస్తాను. చెల్లిని తప్పకుండా తీసుకురా. పిట్ట పేరు దానికి కూడా తప్పే వచ్చు, మన వైపు మనిషి ఇంకొకరు ఉన్నట్టుంటుంది. తెల్లవారుజామున బయల్దేరే బస్సెక్కితే ఎనిమిదిన్నరకి దిగుతారు. బస్టాండులో నేనుంటాను. గేటు తెరిచేది పదింటికి. మన బల్ల దగ్గర అందరం చేరేది కూడా ఆదివారం ఉదయం సరిగ్గా పదింటికే. రా అమ్మా.

ఇట్లు,
లముకుకి అన్నందుకు ఒకసారి బెంచీ ఎక్కి, మళ్ళీ ఎక్కడానికి సిద్ధంగా ఉన్న
నీ కొడుకు