నాయినకు వినపడని మాట

బుధవారం రాత్రి, బీదర్

రేపు కోచింగ్‌లో చెవి పాఠం మీద పరీక్ష. ఈ ఇంట్లో చదివేదెలా? గాంధీ గంజ్‌లో పప్పు మిల్లు మూసి రాగానే నాయిన వీధంతా వినిపించేలా టీవీ పెడతాడు. తగ్గించమంటే, "నాకేం కాలే, మీరే నోట్లనే గొణుగుతున్నరు" అంటాడు.

ఇవాళ అమ్మ నూనె కాచి తెచ్చింది. "చెవుల రెండు సుక్కలేస్తే పోతది" అంది. నాకు ఒళ్లు మండింది. నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుందని చెప్పాను. దాని వెనక మూడు చిన్న ఎముకలు కంపనాన్ని లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టానికి అందిస్తాయి, అక్కడి రోమకణాలు దాన్ని నరానికి చేరుస్తాయి. మిల్లు మోతకు ఆ కణాలే చచ్చి ఉంటాయి, మళ్లీ మొలవవు. సన్నని గొంతులను పట్టేవి ముందు పోతాయి. అందుకే నాయిన లారీ హారన్ వింటాడు, నా మాట వినడు.

అమ్మ నమ్మలేదు. విసుగొచ్చి టీవీ ఆపి, నాయిన వెనక నిలబడి మామూలుగా అన్నాను.

"నాయినా, నేను డాక్టర్ పరీక్ష రాయను."

"ఆఁ, మంచిది బిడ్డా" అన్నాడు.

అమ్మ ఆయన ఎదుటికొచ్చి అరిచింది. "బిడ్డ పరీక్ష రాయనంటే మంచిది అంటున్నరు! పొద్దుగాల దవాఖానకు పోవుడే."

నాయిన నా వైపు తిరిగాడు. "పోదాం తీ" అన్నాడు.

తర్వాత వంటింట్లో అమ్మ నన్ను మెల్లగా అడిగింది. "నిజంగనే రాయవా?"

ఆయన చెవిని పరీక్షించడానికే అన్నానని చెప్పాను. చెప్పానే గానీ, అన్ని మాటలుండగా ఆ మాటే ఎందుకొచ్చిందో...